ముందస్తు వైద్య ఆదేశం రాసుకున్నాను: నా అనుభవం

నేను ముప్పై నాలుగు సంవత్సరాలు తపాలా శాఖలో పనిచేసి, శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని ఒక సబ్ పోస్టాఫీసు నుంచి పదవీ విరమణ చేశాను. నాకిప్పుడు అరవై మూడేళ్లు. నాకు స్పృహ లేని స్థితి వస్తే ఏ చికిత్స చేయాలో, ఏది ఆపాలో, నా తరఫున ఎవరు మాట్లాడాలో చెబుతూ 2024 డిసెంబరులో నాలుగు పేజీల పత్రం రాసి, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీ చేత ధ్రువీకరింపజేసుకున్నాను. దీనిని ముందస్తు వైద్య ఆదేశం అంటారు. పత్రికల్లో లివింగ్ విల్ అని కూడా రాస్తుంటారు. మా చుట్టుపక్కల ఇంకెవరైనా ఇలాంటిది రాయించుకున్నట్టు నేను వినలేదు. అందుకే ఆ పని ఎలా జరిగిందో, ఎక్కడెక్కడ చిక్కులు వచ్చాయో, నా మొదటి చిత్తుప్రతిలో ఎంత పెద్ద తప్పు దొర్లిందో వివరంగా రాస్తున్నాను. ఎందుకు రాసుకున్నానో తెలియాలంటే మాత్రం 2019 ఆగస్టు నుంచి మొదలుపెట్టక తప్పదు.

మా వారు పలాసలో ఒక జీడి పరిశ్రమలో లెక్కలు రాసేవారు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు లేని వీధి దొరకడం కష్టం. ఎన్నో బృందాలు వచ్చి నీళ్లూ మట్టీ నెత్తురూ పట్టుకెళ్లినా కారణం ఇదీ అని ఇంతవరకు ఎవరూ తేల్చలేదు. మా వారికి 2017 నుంచి వారానికి రెండుసార్లు డయాలసిస్ జరిగేది. డయాలసిస్ గది బయట బల్ల మీద వరుసగా కూర్చునేవాళ్లలో ప్రతి నెలా ఎవరో ఒకరు తగ్గిపోయేవారు. అలా ఒక మిత్రుడు పోయిన రోజు రాత్రి, అన్నం తిన్నాక, ఆయన నాతో ఇలా అన్నారు: "నాకు తెలివి ఉన్నన్నాళ్లు ఈ మిషను మీద పడుకుంటాను. తెలివి పోయాక మాత్రం నన్ను విశాఖపట్నం తీసుకెళ్లి గొట్టాల మధ్య పెట్టకు. పెరట్లో మంచం వేసి ఉంచు." ఆ మాట నాతో తప్ప ఎవరితోనూ అనలేదు, ఎక్కడా రాయలేదు. రాయవచ్చునని మా ఇద్దరికీ తెలియదు.

2019 ఆగస్టులో ఆయనకు మెదడులో రక్తనాళం చిట్లింది. పిల్లలు కంగారుగా విశాఖపట్నంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి తరలించారు. వెంటిలేటరు పెట్టారు, ముక్కులోంచి ఆహారపు గొట్టం వేశారు, ఆ స్థితిలోనే డయాలసిస్ కూడా కొనసాగించారు. తొమ్మిదో రోజున మెదడు వైద్యుడు మమ్మల్ని గదిలోకి పిలిచి, తెలివి వచ్చే ఆశ లేదని నిదానంగా, మర్యాదగా చెప్పారు. పన్నెండో రోజున నేను ధైర్యం చేసి మా వారు అన్న మాట ఆయనకు చెప్పాను. ఆయన చాలాసేపు మౌనంగా ఉండి, "అమ్మా, వెంటిలేటరు మేము తీయడానికి వీల్లేదు, కేసవుతుంది. మీరే తీసుకువెళ్తామని సంతకం పెడితే పంపిస్తాం" అన్నారు. పద్నాలుగో రోజున, వైద్యుల సలహాకు విరుద్ధంగా మా ఇష్టపూర్వకంగా రోగిని తీసుకువెళ్తున్నామని అచ్చువేసి ఉన్న కాగితం మీద మా అబ్బాయి సంతకం చేశాడు. రోగి కోరినదే చేస్తున్నాం. అయినా కాగితం మాత్రం మేమేదో తప్పు చేస్తున్నట్టు ఉంది.

అంబులెన్సులో వెంటిలేటరు లేదు. గొంతులోని గొట్టానికి రబ్బరు గాలి సంచి ఒకటి తగిలించి, అయిదారు సెకన్లకు ఒకసారి నొక్కుతూ ఉండాలని నర్సు మా అబ్బాయికి చూపించింది. విశాఖపట్నం నుంచి మా ఊరికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరం. వాడికప్పుడు ఇరవై తొమ్మిదేళ్లు. రణస్థలం దాటాక కుడిచేయి పట్టేసిందని ఎడమచేతికి మార్చుకున్నాడు. సహాయకుడు తాను నొక్కుతానంటే ఇవ్వలేదు. నాగావళి వంతెన మీద, వంశధార వంతెన మీద బండి గతుకుల్లో ఎగిరినప్పుడల్లా గొట్టం ఊడిపోతుందేమోనని ఒక చేత్తో తండ్రి గడ్డం పట్టుకుని, మరో చేత్తో నొక్కుతూనే ఉన్నాడు. లోలోపల అంకెలు లెక్కపెడుతున్నాడని వాడి పెదవులు చూస్తే తెలుస్తోంది. ఇంటికి చేరి కొబ్బరిచెట్ల కింద మంచం మీద పడుకోబెట్టాక కూడా ఆపలేదు. "ఇంకేటి లేదు బావూ, ఆపీయ్" అన్నాడు అంబులెన్సు సహాయకుడు. వాడు నా ముఖం చూశాడు. నేను వాడి చేతి మీద చెయ్యి వేశాను. ఆ తరువాత దాదాపు పది నిమిషాలకు ఆయన ఊపిరి ఆగింది.

ఆ సంచిని నొక్కడం మానిన క్షణం గురించి మా అబ్బాయి అయిదేళ్లపాటు ఎవరితోనూ మాట్లాడలేదు. నాన్నను తానే పోగొట్టానన్న భావం వాడిలో పాతుకుపోయింది.

మేము ఆ కాగితం మీద సంతకం చేసిన నాటికి, రోగి కోరిక మేరకు ప్రాణాధార చికిత్సను ఆపడం చట్టబద్ధమని సుప్రీంకోర్టు చెప్పి ఏడాదిన్నర కావస్తోంది. 2018 మార్చి 9న, అప్పటి ప్రధాన న్యాయమూర్తి దీపక్ మిశ్రా నేతృత్వంలోని అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం, కామన్ కాజ్ అనే సంస్థ 2005లో వేసిన వ్యాజ్యంలో తీర్పు ఇచ్చింది. గౌరవంగా మరణించే హక్కు రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమేనని ఆ తీర్పు సారాంశం. అంతకుముందు 2011 మార్చి 7న, ముంబయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో 1973 నుంచి అచేతనంగా ఉన్న నర్సు అరుణా శాన్‌బాగ్ విషయంలో, చికిత్స ఆపాలంటే హైకోర్టు అనుమతి తీసుకోవాలని ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. ఆమె విషయంలో మాత్రం అనుమతి ఇవ్వలేదు. ఆమెను సొంత మనిషిలా చూసుకున్న ఆ ఆసుపత్రి నర్సులు ఆమె బతకాలని కోరారు. ఆమె 2015 మేలో న్యుమోనియాతో కన్నుమూసింది. మన హైదరాబాదులో 2004లో వెంకటేశ్ అనే యువకుడు, కండరాలు క్షీణించే వ్యాధితో మంచాన ఉండి, చనిపోకముందే తన అవయవాలు దానం చేయాలని కోరితే హైకోర్టు ఒప్పుకోలేదు. అది వేరే ప్రశ్న అయినా, కొడుకు కోరిక కోసం ఆ తల్లి కోర్టు మెట్లు ఎక్కిన వార్త చదివి అప్పట్లో నేను పోస్టాఫీసు కౌంటరులోనే కళ్లు తుడుచుకున్నాను.

అయితే 2018 తీర్పు హక్కు ఇచ్చిందే గాని దానిని అందుకునే దారి చాలా కఠినంగా ఉండింది. పత్రం మీద జ్యుడీషియల్ ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ సంతకం ఉండాలి. చికిత్స ఆపే వేళకు ఆసుపత్రిలో ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న నిపుణులతో ఒక బోర్డు, ఆపై జిల్లా కలెక్టరు నియమించే రెండో బోర్డు, ఆ తరువాత మేజిస్ట్రేటు స్వయంగా వచ్చి రోగిని చూడడం, ఇవన్నీ పూర్తి కావాలి. ఇది ఆచరణలో సాగడం లేదని, ఐసీయూల్లో పనిచేసే వైద్యుల సంఘమైన ఇండియన్ సొసైటీ ఆఫ్ క్రిటికల్ కేర్ మెడిసిన్ 2019లో కోర్టును ఆశ్రయించింది. మాకు సంతకం కాగితం ఇచ్చిన వైద్యుడి మీద నాకు కోపం లేదు. ఆయనకు ఆ దారి మూసుకుపోయినట్టే కనిపించి ఉంటుంది. కాని, ఇలాంటి దారి ఒకటుందని ఎవరో ఒకరు మాకు ఒక్క మాట చెప్పి ఉండాల్సిందన్న బాధ మాత్రం పోలేదు.

2024 సెప్టెంబరులో, చికిత్స ఉపసంహరణపై కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ ముసాయిదా మార్గదర్శకాలు విడుదల చేసిందన్న వార్త పత్రికలో చూశాను. శ్రీకాకుళంలో వకీలుగా పనిచేస్తున్న మా చెల్లెలి కొడుక్కి ఫోను చేసి అడిగాను. "పెద్దమ్మా, 2023లో దారి సులువు చేశారు" అని చెప్పి, వారం తిరగకుండా రెండు తీర్పులూ అచ్చుతీసి పంపించాడు. 2018 తీర్పు అయిదు వందల పేజీల పైచిలుకు. 2023 జనవరి 24న జస్టిస్ కె.ఎం. జోసెఫ్ నేతృత్వంలోని ధర్మాసనం ఇచ్చిన ఉత్తర్వు మాత్రం చిన్నది, పాత నిబంధన ఒక పక్క, మార్చిన నిబంధన ఒక పక్క ఉంటాయి. నాలాంటి వాళ్లు చదవవలసింది అదే.

మొదటి పొరపాటు ఇంటర్నెట్ కేంద్రంలో జరిగింది. ముందస్తు ఆదేశం ఫారం కావాలంటే ఆ కుర్రవాడు వెతికి ఒకటి తీసి ఇచ్చాడు. ఇంటికి తెచ్చి సగం నింపాక, అది 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద మానసిక వ్యాధుల చికిత్స కోసం ఉద్దేశించినదని మా చెల్లెలి కొడుకు చెప్పాడు. రెండింటికీ పేరు దాదాపు ఒకటే, సంబంధం ఏమీ లేదు. మనకు కావలసిన దానికి అచ్చు ఫారం ఏదీ తీర్పులో లేదు. అందులో ఏమేమి ఉండాలో మాత్రం ఉంది. రాసే మనిషికి పద్దెనిమిదేళ్లు నిండి ఉండాలి, తెలివిలో ఉండి, ఎవరి ఒత్తిడీ లేకుండా రాయాలి. ఏ పరిస్థితుల్లో చికిత్స ఆపవచ్చో, మొదలుపెట్టకుండా ఉండవచ్చో సందిగ్ధం లేకుండా చెప్పాలి. దాని పర్యవసానం తనకు తెలుసునని, ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చునని రాయాలి. నిర్ణయం తీసుకునే శక్తి తనకు లేనప్పుడు సమ్మతి చెప్పవలసిన సంరక్షకుడి పేరు గాని దగ్గరి బంధువు పేరు గాని ఇవ్వాలి. 2023 మార్పు తరువాత ఒకరికంటే ఎక్కువ మంది పేర్లు ఇవ్వవచ్చు.

ఆ రాత్రి కూర్చుని నేను రాసిన మొదటి వాక్యం ఇది: "ఎట్టి పరిస్థితుల్లోనూ నాకు వెంటిలేటరు పెట్టకూడదు." అంబులెన్సులోని ఆ సంచి నా కళ్ల ముందు ఉండగా ఇంకెలా రాయగలను? పదేళ్లుగా నా రక్తపోటు, షుగరు చూస్తున్న మా డాక్టరు గారికి చూపించాను. కుటుంబ వైద్యుడికి ప్రతి ఇవ్వాలని తీర్పులో ఉంది గనుక, ఇచ్చే ముందే చూపిస్తే మంచిదనిపించింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి, "అమ్మా, మీరు రోజూ తెల్లవారుజామున కొబ్బరి తోటలోకి వెళ్తారు కదా?" అని అడిగారు. వెళ్తానన్నాను. "అక్కడ కట్లపాము కరిచిందనుకోండి. కండరాలు పడిపోతాయి, ఊపిరి అందదు. మందులిచ్చి కొన్ని రోజులు వెంటిలేటరు మీద ఉంచితే, విషం దిగాక మీరు లేచి మీ కాళ్ల మీద నడిచి ఇంటికి వస్తారు. ఈ కాగితం ఉంటే నేనేం చెయ్యాలి?"

నాకు నోట మాట రాలేదు. మా వారికి పెట్టిన యంత్రమూ అదే, పాము కరిచినవాణ్ణి బతికించేదీ అదే. వద్దనవలసింది యంత్రాన్ని కాదు, కోలుకునే ఆశ లేదని తేలిన తరువాత కూడా దానిని కొనసాగించడాన్ని. ఆయన సలహాతో ఆ పేరా మొత్తం మార్చాను. నా జబ్బు నయమయ్యేదని వైద్యులు భావిస్తే వెంటిలేటరుతో సహా అన్ని చికిత్సలూ చేయాలి. నయమవుతుందో లేదో తెలియకపోతే కొంత గడువు పెట్టుకుని చికిత్స మొదలుపెట్టి, ఫలితం చూడాలి. నయంకాని స్థితి అని, నన్ను నేను గుర్తుపట్టగలిగే తెలివి తిరిగి రాదని వైద్య బోర్డులు తేల్చినప్పుడు మాత్రం వెంటిలేటరు, డయాలసిస్, గుండె ఆగితే ఛాతీ నొక్కి మళ్లీ కొట్టించడం, ఈ మూడూ వద్దు.

ఆహారపు గొట్టం దగ్గర చాలా రోజులు ఆగిపోయాను. మన ఇళ్లలో పోతున్న మనిషి నోట్లో కూడా తులసి నీళ్లు పోస్తాం. అన్నం నీళ్లు ఆపమని రాయడానికి నా చెయ్యి ఆడలేదు. నోటితో తినగలిగినంత తినిపించడం వేరు, ముక్కులోంచి గాని పొట్టలోంచి గాని గొట్టం వేసి నెలల తరబడి పోషించడం వేరు అని డాక్టరు గారు విడమరిచి చెప్పాక, గొట్టం కొత్తగా వేయవద్దని, పెదవులు తడిపి నోరు శుభ్రంగా ఉంచాలని రాశాను. నొప్పి, ఆయాసం, ఆందోళన తగ్గించే మందులు ఎట్టి పరిస్థితుల్లోనూ ఆపకూడదని వేరే పేరాగా రాశాను. చికిత్స ఆపడమంటే రోగిని వదిలేయడం కాదన్నది ఆ పేరాలోనే ఉంది. నా దృష్టిలో మొత్తం పత్రానికి అదే ప్రాణం.

డయాలసిస్ గురించి ఇంకో మాట కూడా చెప్పాలి. నా క్రియాటినిన్ (కిడ్నీలు దెబ్బతిన్నకొద్దీ రక్తంలో పెరిగే పదార్థం) ఇప్పటికే 1.9 ఉంది. మా ప్రాంతంలో ఈ అంకె అర్థం చేసుకోలేని వారు ఉండరు. తెలివిలో ఉన్నంతకాలం డయాలసిస్ వద్దని చెప్పే హక్కు నాకు నేరుగానే ఉంది, దానికి ఈ పత్రం గాని బోర్డులు గాని అవసరం లేదు. నా నోరు పనిచేయనప్పుడే పత్రం మాట్లాడుతుంది. ఈ తేడా తెలియక, పత్రం రాస్తే రేపు చిన్న జ్వరానికి కూడా వైద్యం చేయరేమోనని మా వీధిలో ఇద్దరు ముగ్గురు భయపడ్డారు.

మా తమ్ముడైతే మరీ బాధపడ్డాడు. "అప్పా, బతికుండగానే సావు కాయితం రాసుకోడమేటి? పిల్లలు నిన్ను చూడరనుకుంటన్నావేటి?" అన్నాడు. పిల్లలు చూస్తారన్న నమ్మకంతోనే రాస్తున్నానని, చూసేవాళ్ల చేతులు కట్టేయకూడదని రాస్తున్నానని చెప్పాను. వాడికి ఉన్న మరో అపోహ చాలామందికి ఉంది. సూది వేసి ప్రాణం తీయడానికి, ప్రాణం పోకుండా అడ్డుపెట్టిన యంత్రాన్ని తీయడానికి తేడా లేదనుకుంటారు. మొదటిది ఈనాటికీ నేరమే. ఇంకొకటి బ్రెయిన్ డెడ్ అనే మాట. మా వారిని కూడా బంధువులందరూ బ్రెయిన్ డెడ్ అనే అన్నారు, కాని ఆయన ఆ స్థితిలో లేరు. మెదడు కాండం పూర్తిగా పనిచేయడం మానిందని 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం పరీక్షలు చేసి ధ్రువీకరించే మరణం అది. ఆయనది తెలివి తిరిగి రాని కోమా. ఈ రెంటినీ కలిపేయడం వల్లనే కుటుంబాలు ఆసుపత్రుల్లో సగం గొడవలు పడుతున్నాయని నాకనిపిస్తుంది.

అమ్మాయి విజయనగరంలో ఉపాధ్యాయురాలు. తన పేరు ఇవ్వడానికి వెంటనే ఒప్పుకుంది, ఫోను పెట్టేశాక ఏడ్చిందని అల్లుడు తరువాత చెప్పాడు. అబ్బాయి బెంగళూరులో ఉంటాడు. విషయం చెప్పగానే, "అమ్మా, నా పేరు వద్దు. మళ్లీ ఆపే పని నాకు పెట్టకు" అన్నాడు. అయిదేళ్ల తరువాత వాడి నోటి నుంచి ఆ మాట రావడం అదే మొదటిసారి.

నేను 2023 ఉత్తర్వు చేతిలో పట్టుకుని ఫోనులోనే ఒక్కో అడుగూ చదివి వినిపించాను. ముందు చికిత్స చేస్తున్న వైద్యుడు, ఆయనతో పాటు అయిదేళ్ల అనుభవం తగ్గని మరో ఇద్దరు నిపుణులు ప్రాథమిక బోర్డుగా కూర్చుని, వీలైనంతవరకు నలభై ఎనిమిది గంటల్లో అభిప్రాయం చెప్పాలి. వారు ఆపవచ్చునంటే, ఆసుపత్రి వెంటనే రెండో బోర్డు వేయాలి. అందులో ఒక వైద్యుణ్ణి జిల్లా ముఖ్య వైద్యాధికారి నామినేట్ చేయాలి, మన దగ్గర ఆ స్థాయి అధికారిని జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి అంటాం. మొదటి బోర్డులో లేని ఇద్దరు నిపుణులు ఆయనతో ఉండాలి. వాళ్లకూ నలభై ఎనిమిది గంటలే. నేను పేర్లు రాసిన వాళ్లు సమ్మతించాలి. ఆపే ముందు ఆసుపత్రి మేజిస్ట్రేటుకు తెలియజేయాలి. ఆయన అనుమతి కోసం ఆగనక్కరలేదు, తెలియజేస్తే చాలు. బోర్డులు కాదంటే కుటుంబం హైకోర్టుకు వెళ్లవచ్చు. అసలు పత్రమే లేకపోయినా, కుటుంబం సమ్మతితో ఇదే దారిలో వెళ్లవచ్చు. అంతా చదివి, "ఆరుగురు వైద్యులు చూశాక, రాసి పెట్టిన నా మాట ప్రకారం, ఆసుపత్రి ఆపుతుంది నాన్నా. నీ చెయ్యి అందులో ఉండదు" అన్నాను. వాడు ఏమీ అనలేదు. నేను బలవంతపెట్టలేదు. అమ్మాయి పేరు, తమ్ముడి పేరు రాశాను. తమ్ముడు అలిగి, మళ్లీ తానే వచ్చి, "నా పేరు రాయకుండా ఎవరిది రాస్తావు" అన్నాడు.

సాక్షులుగా ఇద్దరు స్వతంత్రులుంటే మంచిదని తీర్పు అంటుంది, కాబట్టి బంధువులను పిలవలేదు. నాతో పనిచేసిన పాత పోస్ట్‌మాన్ ఒకరు, ఎదురింటి ప్రధానోపాధ్యాయురాలు ఒకరు వచ్చారు. నోటరీ గాని గెజిటెడ్ అధికారి గాని ధ్రువీకరిస్తే చాలు. మేము వెళ్లిన మొదటి నోటరీ పత్రం పైపైన చూసి, ఇది ఆత్మహత్యకు సంబంధించిందని, తాను ముద్ర వేయనని తిప్పి ఇచ్చారు. ఉత్తర్వు ప్రతి చూపించబోతే చూడలేదు. రెండో ఆయన మమ్మల్ని కూర్చోబెట్టి, నాలుగు పేజీలూ చదివి, సాక్షులను బయటికి పంపి, ఎవరైనా బలవంతం చేశారా అని నన్ను ఒంటరిగా అడిగారు. నేను ఇష్టపూర్వకంగా, అర్థం చేసుకుని సంతకం చేశానని ఆయన తృప్తి చెందినట్టు రాయాలి కనుక, ఆ ప్రశ్న అడగడమే సరైన పని. తీర్పులో స్టాంపు కాగితం ప్రస్తావన లేకపోయినా, వంద రూపాయల కాగితం మీద ఉంటే ఆసుపత్రిలో విలువిస్తారని ఆయన అంటే కాదనలేదు. ఒక అసలు ప్రతి, అయిదు నకళ్లు సిద్ధమయ్యాయి.

అన్నిటికంటే కష్టమైన మెట్టు చివరిది. పత్రం ప్రతిని స్థానిక సంస్థలో, అంటే కార్పొరేషన్ గాని మునిసిపాలిటీ గాని పంచాయతీ గాని, తగిన అధికారికి ఇవ్వాలి. దానిని భద్రపరచడానికి ఒక సంరక్షణాధికారిని వారు నియమించాలి. నేను వెళ్లిన కార్యాలయంలో మొదట అది పింఛను దరఖాస్తు అనుకున్నారు. తరువాత జనన మరణాల రిజిస్టరు చూసే వారి దగ్గరికి పంపారు. ఆయన పాపం మర్యాదగానే, "మరణం నమోదైతేనే మేము తీసుకుంటామమ్మా, ముందుగా తీసుకునే పద్ధతి లేదు" అన్నారు. పై నుంచి ఉత్తర్వులు రాలేదన్నారు. మూడుసార్లు తిరిగాను. ఆ కార్యాలయాన్ని నేను తప్పుపట్టను గాని, కోర్టు చెప్పి రెండేళ్లయినా కింది మెట్టుకు ఒక చిన్న సర్క్యులరు చేరకపోవడం మాత్రం తప్పే. చివరికి నాకు తెలిసిన దారిలోనే వెళ్లాను. ఉత్తర్వులోని సంబంధిత పేరా జతచేసి, ఒక కవరింగు లెటరు రాసి, రిజిస్టర్డ్ విత్ ఏడీలో, అంటే అందినట్టు సంతకంతో కార్డు తిరిగివచ్చే పద్ధతిలో, పంపాను. వేలకొద్దీ ఏడీ కార్డులు నా చేతుల మీదుగా వెళ్లాయి, కాని ఒక కార్డు కోసం ఇలా ఎదురుచూడడం అదే మొదటిసారి. ఎనిమిదో రోజున వచ్చింది. గుండ్రటి ముద్ర, తేదీ, దాని పక్కన చదవడానికి వీలుకాని పొట్టి సంతకం. సంరక్షణాధికారి ఎవరో తెలిపే జవాబు మాత్రం ఇంతవరకు రాలేదు. ఆ కార్డును పత్రంతో పాటు ప్లాస్టిక్ కవరులో పెట్టాను. ఒక నకలు డాక్టరు గారి దగ్గర, ఒకటి అమ్మాయి దగ్గర, ఒకటి తమ్ముడి దగ్గర ఉన్నాయి. అయిదోది అబ్బాయికి పోస్టు చేశాను.

2025 ఫిబ్రవరి మొదటి వారంలో అబ్బాయి ఫోను చేశాడు. కర్ణాటక ఆరోగ్య శాఖ జనవరి 30న ఈ తీర్పు అమలు కోసం సర్క్యులరు జారీ చేసిందని, అక్కడి పత్రికల్లో పెద్దగా వచ్చిందని, ఆఫీసులో అందరూ దాని గురించే మాట్లాడుకున్నారని చెప్పాడు. "నువ్వు పంపినది చదివానమ్మా" అన్నాడు. ఇంకేమీ అనలేదు.

ఉగాదికి ఇంటికి వచ్చాడు. పచ్చడి తిన్నాక, బ్యాగులోంచి ఆ నకలు తీశాడు. కొన్ని చోట్ల పెన్సిలుతో గీతలు ఉన్నాయి. నొప్పి తగ్గించే మందుల పేరా పక్కన నిలువు గీత గీసి ఉంది. నాన్నకు ఆ రోజు అంబులెన్సులో నొప్పి తెలిసిందా అని అడిగాడు. తెలియలేదని మెదడు డాక్టరు నాతో చెప్పిన మాట చెప్పాను. ఆ మాట వాడికి అంతవరకు ఎవరూ చెప్పలేదని నాకప్పుడే తెలిసింది. కాసేపటికి, తన పేరు కూడా చేర్చమన్నాడు. పత్రాన్ని మార్చాలన్నా మళ్లీ రాతపూర్వకంగా, అదే పద్ధతిలో చేయాలి, రెండు పత్రాలుంటే చివర సంతకం చేసినదే చెల్లుతుంది. అందుకని పాతదానిని దిద్దకుండా కొత్తది రాయడానికి కూర్చున్నాం. ఈసారి వాడే లాప్‌టాప్‌లో తెలుగులో కొట్టాడు.

ఒక షరతు పెట్టాడు. బోర్డులు నిర్ణయం చెప్పాక, తాను వచ్చేవరకు ఆగాలి. ఎంతసేపు అని అడిగాను. రెండు రోజులన్నాడు. బెంగళూరు నుంచి పలాసకు రైలులో దాదాపు ఒక రోజు పడుతుంది, ఒక రోజు చాలదా అన్నాను. టిక్కెట్టు దొరకకపోతేనో అన్నాడు. ఏప్రిల్‌లో సంతకం చేసిన రెండో పత్రంలో, ఏడవ పేరాలో, నొప్పి తెలియకుండా చూసుకుంటూ నా కుమారుడి రాక కోసం ముప్పై ఆరు గంటలు ఆగాలని రాసి ఉంది.